ప్రింటర్ పలకడం లేదక్కా!

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసిన దగ్గర్నుంచీ మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ళలో జిరాక్సు కొట్లూ, జన సేవా కేంద్రాలూ, చిన్న బడులూ ఒక్కొక్కటే విండోస్ వదిలి, ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వైపు జరుగుతున్నాయి. కొత్త కంప్యూటరు కొనే స్తోమతు లేక కొందరు, బాగా నడుస్తున్న పెట్టెను పారేయడం మనసొప్పక కొందరు. మంచిదే. కానీ సిస్టమ్ మార్చిన మర్నాడే పర్లాకిమిడిలో మా కొట్టుకి ఫోను: “అక్కా, అంతా బాగుంది, ప్రింటరొక్కటే పలకడం లేదు.” అందుకే ఈసారి ప్రింటర్ల ఉత్తరాలే తీశాను. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి.

ప్రశ్న: అక్కా, గుణుపురంలో మాది చిన్న జిరాక్సు కొట్టు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఉంది. లినక్స్ మింట్ వేయించాను. ప్రింటరు పేరు కనబడుతోంది, ప్రింట్ జాబు వెళ్ళిందని కూడా అంటోంది, కాగితం మాత్రం కదలదు. పాత డ్రైవర్ సీడీ పెడితే ఏమీ అవడం లేదు. ప్రింటరు పోయినట్టేనా?

జవాబు: పోలేదు తమ్ముడూ. ముందు ఆ సీడీ అటక మీద పెట్టేయ్. అందులో ఉన్నవి విండోస్ ఫైళ్ళు, వాటితో నీకిక పని లేదు. గూగుల్‌లో “1020 డ్రైవర్” అని వెతికి కనబడ్డదల్లా దించడం కూడా మానేయ్.

1020 తీరు వేరు. చాలా ప్రింటర్లకు వాటిని నడిపించే ఫర్మ్‌వేర్ లోపలి చిప్పులోనే ఉంటుంది. దీనికి ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే యూఎస్‌బీ తీగలోంచి ఆ ఫర్మ్‌వేర్‌ని పంపాలి. విండోస్‌లో ఆ పని మనకి తెలియకుండా జరిగిపోయేది. లినక్స్‌లో దాన్ని పంపేవాళ్ళు లేకపోతే లైటు వెలుగుతుంది, లిస్టులో పేరుంటుంది, నువ్వు పంపిన జాబు మాత్రం గోడకి చెప్పినట్టే.

ఆ పంపే పనికి హెచ్‌పీఎల్‌ఐపీ అని హెచ్‌పీ వాళ్ళ సొంత సాఫ్ట్‌వేర్ ఉంది. మింట్‌లో మామూలుగా ముందే ఉంటుంది. లేకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఆ పేరుతో వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు లిస్టులో ఉన్న 1020ని తీసేయ్. ప్రింటరు ఆన్‌లో ఉంచి, టెర్మినల్ తెరిచి “హెచ్‌పీ హైఫన్ సెటప్” అని కొట్టి, ఒక ఖాళీ వదిలి “హైఫన్ ఐ” అను. ప్రింటరు ఏ తీగ మీద ఉందని అడుగుతుంది, యూఎస్‌బీ అని చెప్పు. తరవాత “ఈ మోడల్‌కి ప్లగిన్ కావాలి, దించమంటావా” అంటుంది. ప్లగిన్ అంటే పక్కన తగిలించే ముక్క. అది అందరికీ తెరిచిన ఓపెన్ సోర్స్ కోడ్ కాదు, హెచ్‌పీ సొత్తు. అందుకే లైసెన్సుకి ఒప్పుకోమని అడుగుతుంది. ఒప్పుకో. ఫర్మ్‌వేర్ ఉన్నది అందులోనే. ఈ ఒక్క మెట్టు దగ్గర నెట్ ఉండి తీరాలి. మీ వైపు సిగ్నల్ సంగతి నాకు తెలుసు, కాబట్టి ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టుకుని, జనం లేని వేళ చేసుకో. అయ్యాక ప్రింటర్ని ఒకసారి ఆపి, మళ్ళీ వేసి టెస్ట్ పేజీ ఇయ్యి.

ఇక్కడితో అయిపోలేదు. ప్లగిన్ వెర్షనూ హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షనూ ఒకటే అయి ఉండాలి. ఏ నెలలోనో సిస్టమ్ అప్‌డేట్ వచ్చి హెచ్‌పీఎల్‌ఐపీ కొత్తదవుతుంది, ప్లగిన్ పాతదే మిగిలిపోతుంది. నిన్నటిదాకా నడిచిన ప్రింటరు ఈవేళ మళ్ళీ మూగబోతుంది. కంగారు పడి లినక్స్‌నే తీసేసినవాళ్ళు ఉన్నారు! అప్పుడు చెయ్యాల్సిందల్లా “హెచ్‌పీ హైఫన్ ప్లగిన్” అని కొట్టి దాన్ని కొత్తగా దించుకోవడమే. ఎవరో సలహా ఇచ్చారని పక్కనే ఫూ2జెడ్‌జేఎస్ అనే ఇంకో డ్రైవర్ పెట్టుకోకు. అదీ మంచిదే గానీ, ఒకే ప్రింటరు కోసం రెండూ పోట్లాడుకుంటాయి.

పీ1007, పీ1108, ఎం1005, ఎం1136 ఉన్నవాళ్ళు విడిగా ఉత్తరాలు రాయనక్కర్లేదు. వాటికీ ఇదే ప్లగిన్ కావాలి, ఇదే వరస.

ప్రశ్న: మేడమ్, రాయగడ దగ్గర జన సేవా కేంద్రం నడుపుతున్నాను. ఉబుంటు అనే లినక్స్ వాడతాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రింటరు “పాజ్డ్” అని ఆగిపోతుంది. సర్టిఫికెట్ల కోసం జనం నిలబడి ఉంటారు. ప్రతిసారీ ప్రింటర్ని తీసేసి మళ్ళీ పెట్టుకుంటున్నాను. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది, అదీ సులువుదే. తీసేసి మళ్ళీ పెట్టడం మాత్రం ఆపండి. అలా పెట్టిపెట్టి ఈపాటికి మీ లిస్టులో ఒకే ప్రింటరు రెండు మూడు పేర్లతో కూర్చుని ఉంటుంది. మీరు ఒకదానికి పంపుతుంటే పనిచేసేది ఇంకోటి.

లినక్స్‌లో ప్రింటింగ్ అంతా చూసేది కప్స్ అనే సాఫ్ట్‌వేర్. మైకేల్ స్వీట్ అనే ఆయన రాశారు, 1999లో బయటికి వచ్చింది. ఆపిల్ 2002 నుంచి తన కంప్యూటర్లలోనూ దీన్నే వాడుతోంది. దీనికి ఒక పేజీ ఉంది, చాలామంది ఎప్పుడూ తెరవరు. ఫైర్‌ఫాక్స్‌లో పై గడిలో “లోకల్‌హోస్ట్” అని కొట్టి, కోలన్ పెట్టి, 631 అని కొట్టండి. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది, ఎందుకంటే అది మీ కంప్యూటర్లోనే ఉంది. “ప్రింటర్స్” మీద నొక్కితే మీ ప్రింటర్లన్నీ కనబడతాయి. అదనంగా ఉన్నవాటిని అక్కడే తీసేయండి. పాస్‌వర్డ్ అడిగితే సిస్టమ్‌లోకి వెళ్ళేటప్పుడు మీరు కొట్టేదే.

ఇప్పుడు మిగిలిన ప్రింటరు పేరు మీద నొక్కండి. రెండు చిన్న జాబితా పెట్టెలు కనబడతాయి. “మెయింటెనెన్స్” అన్నదాంట్లో “రెజ్యూమ్ ప్రింటర్” ఉంటుంది. ఆగినదాన్ని నడిపించేది అదే. పక్కన “అడ్మినిస్ట్రేషన్” పెట్టెలో “సెట్ డిఫాల్ట్ ఆప్షన్స్” తీసి, “పాలసీస్” లోకి వెళ్ళి “ఎర్రర్ పాలసీ” చూడండి. అక్కడ “స్టాప్ ప్రింటర్” అని ఉంటే మీ కష్టాలకి మూలం దొరికినట్టే. ఏ చిన్న తేడా వచ్చినా క్యూని, అంటే ప్రింట్ల వరసని, ఆపేసి, మనిషి వచ్చి విడిపించేదాకా అలాగే ఉంచమని దానర్థం. దాన్ని “రీట్రై కరెంట్ జాబ్” కి మార్చండి. ఆగిన జాబుని తనే మళ్ళీ ప్రయత్నిస్తుంది.

కరెంటు పోయిన ప్రతిసారీ ఇంకో చిక్కుంది. కాగితం రాలేదని కంగారులో మనవాళ్ళు ప్రింట్ మీట నొక్కుతూనే ఉంటారు. కరెంటు రాగానే ఒకే ఆదాయ ధ్రువపత్రం పది కాపీలు వరసగా దిగుతాయి, టోనరు మీ జేబులోది. అలాంటప్పుడు “క్యాన్సెల్” అని కొట్టి, ఖాళీ వదిలి “హైఫన్ ఏ” అంటే క్యూ మొత్తం ఖాళీ. లేజర్ ప్రింటర్ని మాత్రం చిన్న యూపీఎస్ మీద పెట్టకండి. టోనరుని కాగితానికి అతికించే ఫ్యూజర్‌ని వేడెక్కించే క్షణంలో అది లాగే కరెంటుకి యూపీఎస్ తట్టుకోలేదు, కంప్యూటరు కూడా దాంతోపాటే ఆరిపోతుంది. యూపీఎస్ మీద కంప్యూటరు ఒక్కటే ఉండాలి.

ప్రశ్న: పర్లాకిమిడి కోర్టు దగ్గర టైపింగు చేస్తాను. లిబ్రాఫీసులో ప్రింట్ ఇస్తే ప్రింటరు లైటు మినుకు మినుకుమంటూ ఆగిపోతుంది. మీట నొక్కితే కాగితం వస్తుంది గానీ అడుగున రెండు లైన్లు మాయం.

జవాబు: కాగితం కొలత తేడా. మీ ట్రేలో ఉన్నది ఏ4, అంటే 210 × 297 మిల్లీమీటర్లు. సిస్టమ్ మాత్రం అమెరికా వాళ్ళ “లెటర్” కొలత, 216 × 279, అనుకుంటోంది. ఆ కాగితం పెట్టు అని ప్రింటరు మీకోసం కాచుకుని ఉంది. మూడు చోట్ల మార్చాలి: ప్రింటర్ ప్రాపర్టీస్‌లో మీడియా సైజు, లిబ్రాఫీసులో ఫార్మాట్ కింద పేజీ స్టైల్, పీడీఎఫ్ తెరిచే చోట ప్రింట్ డబ్బాలో పేజీ సెటప్. ఒకటి మార్చి రెండు వదిలేస్తే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. స్టాంపు పేపరు మీద కొట్టేటప్పుడు “లీగల్” పెట్టుకోండి, 216 × 356. “ఫిట్ టు పేజ్” అన్నది తీసేయండి. లేకపోతే మీరు కొలిచి వదిలిన పై ఖాళీ కుదించుకుపోయి, అక్షరాలు ముద్ర మీదికి ఎక్కుతాయి.

ప్రశ్న: మా దగ్గర కానన్ ఎల్‌బీపీ2900 ఉంది. జయపురంలో తెలిసిన కుర్రాడు రెండు రోజులు కూర్చున్నా లినక్స్‌లో పలకలేదు. మీరేమంటారు?

జవాబు: ఆ కుర్రాణ్ణి ఏమీ అనకండి. మా కొట్టుకి వచ్చేవాళ్ళు తెలుగులో అడుగుతారు, ఒడియాలో అడుగుతారు, సంత రోజున సవరలో అడుగుతారు, నేను ఎలాగో నెట్టుకొస్తాను. ప్రింటర్లకూ అలాగే భాషలున్నాయి. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటివి బయటికి తెలిసిన భాషలు. ఎల్‌బీపీ2900 మాట్లాడేది కాప్ట్ అనే కానన్ సొంత భాష. దాని వివరాలు కంపెనీ బయటపెట్టలేదు. కానన్ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ ఉంది గానీ పాతది, 32 బిట్ల ముక్కలు అడుగుతుంది, ఈనాటి సిస్టమ్‌లలో ఎక్కించడం పెద్ద తలనొప్పి. కొందరు ఉత్సాహవంతులు ఆ భాషను బయటినుంచే విని పట్టుకుని “కాప్ట్‌డ్రైవర్” అని సొంతంగా రాశారు. మోడల్ పేర్లలో మీది ఉంది. కానీ దాన్ని సోర్సు కోడ్ నుంచి కంపైల్ చేసుకోవాలి, అంటే మన కంప్యూటర్లోనే ప్రోగ్రాంగా తయారుచేసుకోవాలి, ఆ పని తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

నా మాట అడిగితే, ఆ ప్రింటరు మీద రోజూ కొట్టు నడవాలంటే ఈ తంటాలు వద్దు. విండోస్‌లోనే ఉండిపోయే పాత పెట్టె ఒకటి ఉంటే, నెట్ తీగ పీకేసి దానికి ఈ ప్రింటర్ని కట్టేయండి. లినక్స్‌లో తయారుచేసిన పీడీఎఫ్‌ని పెన్‌డ్రైవ్‌లో అటు తీసుకెళ్ళండి. అందం లేదు గానీ పని ఆగదు.

ఈ మూసిన తలుపుల గొడవ కొత్తది కాదు. అమెరికాలో ఎంఐటీ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్‌కి ఓ జిరాక్స్ లేజర్ ప్రింటరు తగిలింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్ళేలా ప్రోగ్రాం దిద్దుతానంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ కోపం ఆయన మనసులో ఉండిపోయింది. 1983 సెప్టెంబరులో ఎవరైనా చూసి దిద్దుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ అనే పథకం ప్రకటించారు. ఈవేళ మీరు వాడే లినక్స్‌లో ఎంతో సామాను అక్కణ్ణుంచి వచ్చిందే.

ప్రశ్న: కాశీనగర్ దగ్గర రైసు మిల్లు. వేబ్రిడ్జి చీటీలకి డాట్ మాట్రిక్స్ వాడతాం. లినక్స్‌లో అక్షరాలు మెట్లు దిగుతున్నట్టు ఏటవాలుగా పడుతున్నాయి. పైగా చిన్న చీటీకి పూర్తి పేజీ బయటికి తోసేస్తోంది.

జవాబు: మీ ఉత్తరంతో పాటు చీటీ కూడా పెట్టడం బాగుంది, చూడగానే తెలిసిపోయింది. లినక్స్ ఫైల్లో లైను చివర “కిందికి దిగు” అన్న గుర్తు ఒక్కటే ఉంటుంది. డాట్ మాట్రిక్స్‌కి “ఎడమకి జరుగు” అన్న గుర్తు కూడా కావాలి. అది లేక తల ఎక్కడ ఆగిందో అక్కడే దిగి, అక్కణ్ణుంచే మొదలుపెడుతోంది. “డాస్2యూనిక్స్” అన్న ప్యాకేజీ వేసుకుంటే అందులో “యూనిక్స్2డాస్” అన్న కమాండ్ ఉంటుంది. చీటీ ఫైల్ని దాంతో ఒకసారి మార్చి పంపండి, లైన్లు తిన్నగా పడతాయి.

పేజీ తోసేయడం డ్రైవర్ పని. మీకు డ్రైవరే అక్కర్లేదు. “ఎల్‌పీ”, ఖాళీ, “హైఫన్ ఓ”, ఖాళీ, “రా” (ఆర్, ఏ, డబ్ల్యూ), ఖాళీ, ఫైలు పేరు. ఉన్నది ఉన్నట్టు ప్రింటరుకి పోతుంది, తన సొంత అక్షరాల్లో గబగబా కొట్టేసి చీటీ అయిన చోట ఆగుతుంది. ఇలా పంపితే తెలుగు రాదు, దాని లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. రైతు పేరు తెలుగులో పడాలంటే కప్స్‌లో “ఎప్సన్ 9-పిన్ సిరీస్” డ్రైవర్ పెట్టి బొమ్మలా కొట్టించాలి. లారీలు వరసలో ఉన్నప్పుడు ఆ నెమ్మది మీరు భరించలేరు.

ప్రశ్న: బరంపురంలో శుభలేఖలు వేస్తాను. పిల్లది తెలుగు, పిల్లాడు ఒడియా, కార్డు మీద రెండూ కావాలి. పాత ఫైళ్ళు లినక్స్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులు. ఇన్నేళ్ళ సరుకు పోయినట్టేనా అక్కా?

జవాబు: పోలేదమ్మా. మీవి పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో చేసినవి. ఒడియావి బహుశా ఆకృతివి. వాటిలో నిజానికి ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే, పైన తెలుగు ముసుగు. ముసుగు తీస్తే మీకు కనబడిందే కనబడుతుంది. పాత విండోస్ పెట్టె ఇంకా ఉంటే, ఒక్కో ఫైల్నీ ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి దాచుకోండి. ఫాంట్లు లోపలికి వెళ్ళాయో లేదో లినక్స్‌లో “పీడీఎఫ్‌ఫాంట్స్” అని కొట్టి, ఖాళీ వదిలి ఫైలు పేరు ఇస్తే పట్టిక వస్తుంది. “ఈఎంబీ” అన్న నిలువు గడిలో “ఎస్” (వై, ఈ, ఎస్) అని ఉండాలి. అన్నీ “ఎస్” అయితే ఏ ప్రింటరు మీదైనా అలాగే పడుతుంది.

కొత్త కార్డులు మాత్రం యూనికోడ్‌లోనే, అంటే ముసుగు లేని అసలు తెలుగు, ఒడియా అక్షరాల్లోనే, మొదలుపెట్టండి. “ఫాంట్స్ హైఫన్ టెలు హైఫన్ ఎక్స్‌ట్రా” అన్న ప్యాకేజీలో పోతన, వేమన ఉన్నాయి. గూగుల్ ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి ఉచితం. గిడుగు కూడా ఉంది. మా ఊళ్ళో పాఠాలు చెప్పి, సవరలకి నిఘంటువు కట్టి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినరోజున ఊరొదిలి వెళ్ళిపోయిన పెద్దాయన పేరు ఇప్పుడు శుభలేఖ మీద పెద్దక్షరాలకి పనికొస్తోంది. వ్యావహారికం కోసం పోట్లాడిన మనిషి పేరున్న ఫాంటులో “చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి” అని గ్రాంథికం కొట్టేటప్పుడు నాకైతే నవ్వొస్తుంది.

కార్డు కూర్చడానికి స్క్రైబస్ తీసుకోండి, కానీ 1.6 కావాలి. పాత 1.4లో తెలుగు వత్తులు, ఒడియా జుక్తాక్షరాలు విడివిడిగా పడేవి. ఇంకో సుఖం చెప్తాను. మీరు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే రెండు భాషలకీ ఒకే వేళ్ళు. “క” ఉన్న మీట మీదే ఒడియా “క” కూడా ఉంటుంది, గుణింతాల మీటలూ అంతే. భాష మార్చే మీట ఒక్కటి నొక్కి, పిల్ల వైపు నుంచి పిల్లాడి వైపుకి వెళ్ళిపోవచ్చు. మందపాటి కార్డు పెట్టేటప్పుడు ప్రింట్ డబ్బాలో మీడియా టైపు “కార్డ్‌స్టాక్” లేదా “థిక్” అని మార్చడం మరవకండి. మామూలు కాగితం అనుకుంటే లేజర్ ప్రింటరు చాలినంత వేడి ఇవ్వదు, గోరు తగిలితే అక్షరాలు పొడిలా రాలిపోతాయి.

ప్రశ్న: లినక్స్ ప్రింటింగ్‌లో హ్యాకర్లు దూరతారని మావాడు భయపెడుతున్నాడు. నిజమా?

జవాబు: గాలి కబురు కాదు. 2024 సెప్టెంబరులో సిమోనే మార్గరితెల్లి అనే పరిశోధకుడు కప్స్‌తో పాటు వచ్చే “కప్స్ బ్రౌజ్‌డ్” అన్న భాగంలో లోపాలు బయటపెట్టాడు. బయటివాడు ఓ దొంగ ప్రింటర్ని మీ లిస్టులో పెట్టి, మీరు దానికి ప్రింట్ ఇచ్చినప్పుడు తన కమాండ్ నడిపించే వీలుండేది. దానికి దిద్దుబాట్లు వచ్చేశాయి. అప్‌డేట్లు వేసుకుంటూ ఉంటే మీకు భయం లేదు. మీవాడికి లెక్కచేయకుండా పడి ఉన్న అప్‌డేట్లు చూపించండి, వాటిని చూసి భయపడమనండి.

ప్రశ్న: రాయగడ జిల్లాలో బడి మాస్టర్ని. బడిలో కంప్యూటర్లన్నీ ఉబుంటు. కొత్త ప్రింటరు కొనాలి. ఏది కొనమంటారు?

జవాబు: మాస్టారూ, కంపెనీ పేరు నేను చెప్పను, అడగాల్సిన మాటలు చెప్తాను. డబ్బా మీద “ఎయిర్‌ప్రింట్” గుర్తు గానీ “మొప్రియా” గుర్తు గానీ ఉందా చూడండి. ఎయిర్‌ప్రింట్ 2010లో ఆపిల్ ఫోన్ల కోసం వచ్చింది గానీ, దాని పుణ్యాన మన పని తేలికైంది. ఆ గుర్తున్న ప్రింటర్లు బయటికి తెలిసిన భాషలోనే మాట్లాడతాయి. ఇప్పటి ఉబుంటు వాటిని వైఫై మీద తనే కనుక్కుంటుంది. డ్రైవరు లేదు, ప్లగిన్ లేదు, సీడీ అసలే లేదు. యూఎస్‌బీ తీగ పెట్టినా వీటిలో చాలా వాటిని “ఐపీపీ యూఎస్‌బీ” అన్నది పలికిస్తుంది.

ప్రశ్నపత్రాలు కట్టలు కట్టలుగా తీస్తారు కాబట్టి నలుపు తెలుపు లేజరే తీసుకోండి. ఇంకు ట్యాంకు వాటిలో పేజీ ఖర్చు తక్కువే గానీ, వేసవి సెలవులకి బడి మూసినన్నాళ్ళూ వాడకపోతే తలలో ఇంకు ఎండిపోతుంది. టోనరు పొడి కాబట్టి ఆ గొడవ లేదు. కాగితానికి మీకేం లోటు, జేకే మిల్లు మీ జిల్లాలోనే ఉంది. కానీ వానాకాలంలో రీము విప్పి బల్ల మీద వదిలేయకండి. కాగితం చెమ్మ పీల్చి వంగుతుంది, రెండేసి లాగుతుంది, పిల్లలు ప్రింటరు పాడైందంటారు. వాడగా మిగిలింది ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టించండి.

కొనేముందు దుకాణంలోనే మీ ఫోన్ నుంచి ఏ యాప్ వేయకుండా వైఫై మీద ఒక పేజీ కొట్టించమనండి. అలా పలికిందంటే ఉబుంటుకీ దాదాపు పలికినట్టే. బిల్లు మీద మోడల్ నంబరు చివరి అక్షరంతో సహా రాయించుకోండి. ఒకే నంబరులో డబ్ల్యూ ఉంటే వైఫై ఉన్నది, లేకపోతే లేనిది అయ్యే మోడళ్ళు చాలా ఉన్నాయి. డబ్బాలోంచి వచ్చింది వేరేదైతే ఆ అక్షరం చూపించే మార్చుకోగలరు.